చంద్రుడి పెద్దపాలేరు

మా వీధి చివరి ఇంట్లో ఉండే మనిషి పన్నెండేళ్ళపాటు ప్రతి ఉదయం చంద్రుణ్ణి చదును చేశాడు. ఈ వాక్యంలో కొంత అతిశయం ఉంది గనుక వెంటనే సవరిస్తున్నాను. ఆయన చదును చేసినది చంద్రుణ్ణి కాదు, చంద్రుడి నేలను పోలినట్లు మనుషులు తయారుచేసుకున్న నేలను. ఆ నేల ఊరికి అవతల అంతరిక్ష పరిశోధన కేంద్రంలో, రేకుల కప్పున్న ఒక పొడవైన షెడ్డులో ఉండేది.

షెడ్డు పొడవు ఎనభై అడుగులు, వెడల్పు ముప్పై. లోపలి గోడలకు నల్లరంగు పూశారు. ఒక చివర, మనిషి నడుమెత్తులో, బండి చక్రమంత దీపం ఒకటి అమర్చారు. అది వెలిగితే ప్రతి గులకరాయికీ బారెడు నీడ పడేది. చంద్రుడి మీద తాము దిగదలచిన చోట సూర్యుడు అంతకంటే పైకి రాడని శాస్త్రజ్ఞులు చెప్పేవారు. మధ్యనంతా మోకాటి లోతున బూడిదరంగు రాతిపొడి. అందులో అక్కడక్కడ గుంటలు, రాళ్ళు, ఒక పక్కన ఏటవాలు గట్టు. కప్పు దూలానికి గిలకలు, గిలకల మీదుగా ఒక తాడు, తాడు కొసన ఆరు చక్రాల రోవర్. చంద్రుడి మీద ప్రతి వస్తువూ ఆరోవంతు బరువే తూగుతుంది కాబట్టి, మిగిలిన అయిదు వంతుల బరువును ఆ తాడు మోసేది. ఆరు కాళ్ళది గనుక రోవర్‌కు ఇంజనీర్లు చీమ అని ముద్దుపేరు పెట్టుకున్నారు.

చీమ నడిస్తే జాడలు పడతాయి. నిన్నటి జాడ మీద నేడు నడిపితే ఆ పరీక్షకు విలువ లేదు. చక్రం కింద నేల ఎప్పుడూ ఎవరూ తొక్కని నేలగానే ఉండాలి. అందుచేత ప్రతి ఉదయం ఒక మనిషి పొడవాటి పళ్ళున్న దంతెతో నేలంతా గుల్లచేసి, చెక్కతో చదును చేసి, తన అడుగుల జాడలు కూడా చెరుపుకుంటూ వెనక్కి వెనక్కి నడిచి తలుపు దగ్గర తేలాలి. ఆ మనిషే ఈయన.

“నీది ఉద్యోగం కాదు బాబాయ్. నువ్వు చంద్రుడి పెద్దపాలేరువి” అన్నది ఒకనాడు చక్రాలు రూపొందించే ఇంజనీరమ్మాయి. కేంద్రంలో అందరూ ఆమెను చక్రాలమ్మాయి అనేవారు. ఆయన దంతెను భుజానికి ఆనించుకుని, “పాలేరైతే పాలేరే, తల్లీ. ఆసామి మాత్రం నేలమీద కాలుపెట్టనివాడు దొరికాడు” అన్నాడట. ఆనాటినుండి ఆ పేరు స్థిరపడిపోయింది. మా వీధిలో చిన్నాపెద్దా అందరమూ ఆయనను పెద్దపాలేరు అనే పిలుస్తాము.

అంతకు ముందు ఆయనది కంకర కొట్టే క్రషర్‌లో పని. అన్నతో కలిసి ఇరవై రెండేళ్ళు చేశాడు. ఆయన భార్యకూడా అక్కడే తట్టలు మోసింది. అక్కడ గోడమీద రాయకపోయినా అందరికీ నోటికి వచ్చిన సూత్రం ఒకటి ఉండేది: జల్లెడకు ముందు ఆరబెట్టు, జల్లెడ తర్వాత తడుపు. తడి పొడి జల్లెడ కన్నులకు పట్టుకుని దిగదు, అందుకని ముందు ఆరబెట్టాలి. జల్లించిన పొడి గాలిలో లేచి ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది, అందుకని తర్వాత తడపాలి. మొదటి సగాన్ని యజమాని తప్పకుండా అమలు చేయించేవాడు. రెండో సగాన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు. నలభై నాలుగేళ్ళ వయసులో అన్న దగ్గి దగ్గి పోయాడు. ఆ తర్వాత క్రషర్‌లో ఉన్నన్నాళ్ళూ మన పెద్దపాలేరు నీళ్ళు చల్లకుండా ఏ రాతిపొడినీ ముట్టుకోలేదు. జల్లెడ పక్కన నీళ్ళడబ్బా లేనిదే పనిలోకి దిగనని యజమానితోనే వాదం పెట్టుకున్నాడు. చివరకు డబ్బా సంపాదించాడు.

ఆ క్రషర్‌కు ఒకనాడు చిన్న సుత్తి, భూతద్దం పట్టుకుని ఒక పెద్దమనిషి వచ్చాడు. రాళ్ళ మాస్టారు అని తర్వాత అందరూ అన్నారు. తెల్లనిది, మెరుపు లేనిది, కొడితే పెచ్చులుగా విరిగేది, అటువంటి రాయి కావాలని అడిగాడు. అటువంటి రాతిని అమ్మితే కొన్నవాళ్ళు తన్నడానికి వస్తారని యజమాని నవ్వాడు. పెద్దపాలేరు నవ్వలేదు. ఆయనను క్వారీ వెనక్కి తీసుకుపోయి, ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టని ఒక గుట్టను చూపించాడు. మాస్టారు భూతద్దంతో పావుగంట చూసి, ప్యాంటు మాసిపోతుందన్న ధ్యాస లేకుండా ఆ రాళ్ళ మీదే కూలబడ్డాడు.

“ఈ రాయి ఎవరికి పనికొస్తుంది సార్?” అని అడిగాడు పెద్దపాలేరు.

“భూమ్మీద ఎవరికీ పనికిరాదయ్యా. అందుకే వెతుక్కుంటూ వచ్చాను” అన్నాడు మాస్టారు.

అరవై టన్నుల రాతిని పొడిచేసి, పెద్ద పొయ్యిలో వేడిచేసి, నాలుగు జల్లెళ్ళు పట్టి, ఏ పరిమాణం పొడి ఎంత పాలు కలవాలో అంతే కలిపి లారీల్లో కేంద్రానికి పంపారు. మెత్తని పొడి, గరుకు పొడి విడిపోకుండా ఎలా దించాలో చూపడానికి చివరి లారీలో పెద్దపాలేరు కూడా వచ్చాడు. చూపించాడు. ఆ వచ్చినవాడు తిరిగి వెళ్ళలేదు. ఏడాదికొకసారి కాంట్రాక్టు పొడిగిస్తూ కేంద్రంవారు ఆయనను అట్టేపెట్టుకున్నారు.

మొదటి ప్రయోగం విఫలమైంది. దిగవలసిన ల్యాండర్ చివరి నిమిషంలో అదుపు తప్పి చంద్రుడి మీద కూలిపోయింది. దాని కడుపులో ఉన్న తొలి చీమ అంగుళం కూడా నడవకుండానే పోయింది. ఆ మరునాడు కేంద్రంలో ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. అప్పుడే కొత్తగా చేరిన చక్రాలమ్మాయి ఎక్కడ కూర్చోవాలో తెలియక షెడ్డులోకి వచ్చేసరికి, పెద్దపాలేరు ఎప్పటిలాగే నేల చదును చేసి, వెనక్కి నడిచి తలుపు దగ్గరికి వస్తున్నాడు. ఈరోజు ఎవరి పరీక్ష ఉందని ఆమె అడిగింది.

“ఎవరిదీ లేదమ్మా. చదును చేసి ఉంచితే ఎవరో ఒకరు రాకపోరు” అన్నాడు.

ఆ సంగతి నాకు చెప్పినది చక్రాలమ్మాయే. తాను రాజీనామా కాగితం చించివేసినది ఆ పూటేనని కూడా చెప్పింది.

రెండో ప్రయోగానికి అనుమతి రావడానికి నాలుగేళ్ళు, చీమ తయారు కావడానికి రెండేళ్ళు పట్టింది. ఈసారి చక్రాల బాధ్యతంతా చక్రాలమ్మాయిదే. షెడ్డులో అందరూ మాస్కు పెట్టుకోవాలన్నది నియమం. అయితే ఆమెకు ఉత్సాహం వస్తే మాటలు వస్తాయి, మాటలు వస్తే మాస్కు గడ్డం కిందికి దిగుతుంది. సాయంత్రానికల్లా పొడిదగ్గు పట్టుకునేది. ఆ దగ్గు వినబడినప్పుడల్లా పెద్దపాలేరు చేతిలో దంతె ఆగేది. ఆ దగ్గు ఎలా మొదలవుతుందో, ఎక్కడికి పోతుందో ఆయనకు తెలుసు. దుమ్ము పీల్చే ఫ్యాన్లు పెట్టించమని రెండుసార్లు ఆఫీసుకు వెళ్ళి అడిగాడు. వచ్చే ఏడాది చూద్దామని రెండుసార్లూ ఒకే జవాబు వచ్చింది.

అప్పుడు ఆయన తనకు చేతనైన పని చేశాడు. గట్టు ఎక్కే పరీక్షలు మంగళ, శుక్రవారాలు జరిగేవి. దుమ్ము ఎక్కువగా లేచేది కూడా అప్పుడే. ఆ రెండు రోజులూ గంట ముందే వచ్చి, మొక్కలకు మందుకొట్టే చేతిపంపులో మూడు చెంబుల నీళ్ళు పోసి, గట్టు మీద మంచు కురిసినట్లు సన్నగా కొట్టేవాడు. తర్వాత దంతెతో రెండు వరుసలు తిరగేస్తే తడి అడుగుకు పోయి, పైన పొడి పొడిగానే కనబడేది. ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు, చెప్పుకోవలసిన విషయమని తోచలేదు. జల్లెడ తర్వాత తడపడం ఆయనకు అన్నం తిన్నాక చెయ్యి కడుక్కోవడం వంటిది.

నేలలో తేమను కొలిచే పరికరం కేంద్రంలో లేకపోలేదు. అయితే ఆ పరీక్ష సోమవారాలు చేసేవారు. నమూనాను ఎప్పుడూ తలుపు పక్కన ఉన్న మూలనుండే తీసేవారు. ఆ మూల మీద ఆయన ఏనాడూ నీళ్ళు చల్లలేదు, అక్కడ దుమ్ము లేవదు గనుక.

చీమ గట్టెక్కింది. పది డిగ్రీల వాలు, పదిహేను, ఇరవై కూడా ఎక్కింది. చక్రాలమ్మాయి ముఖం వెలిగిపోయింది. పరీక్షల విభాగానికి పెద్దసారు ఒకాయన ఉండేవాడు. బట్టతల, మితభాషి, ముక్కు మీద కోపం. ఆయన సైతం “ఊఁ, బాగుంది” అన్నాడు, అది ఆయన నిఘంటువులో పెద్ద ప్రశంస. వచ్చే గురువారం ఉదయం పదిగంటలకు చక్రాలకు ఆమోదముద్ర పడుతుందని, ఆ వెంటనే చీమను పెట్టెలో సర్ది ప్రయోగ కేంద్రానికి పంపుతారని ప్రకటించారు. అదే వారంలో పెద్దపాలేరు ఉద్యోగాన్ని పర్మనెంటు చేసే ఫైలు పెద్దసారు బల్ల మీదికి వచ్చింది. పన్నెండేళ్ళ నిరీక్షణ. ఆయన భార్య ఈ మాట ఎవరికీ చెప్పవద్దని చెబుతూనే ముగ్గురికి చెప్పింది. ఆ ముగ్గురిలో నేనొకతెను.

ఆ గురువారానికి ముందటి మంగళవారం ఒక బడి పిల్లలు షెడ్డు చూడటానికి వచ్చారు. తాడు అవతల వరుసగా నిలబడ్డ పిల్లల్లో ఒక పాప, ఈ మట్టితో పిచ్చుకగూడు కట్టవచ్చా అని అడిగింది. పెద్దపాలేరు దంతె పట్టుకుని పక్కనే ఉన్నాడు. చక్రాలమ్మాయి మూత బిగించిన సీసాలోనుండి గుప్పెడు పొడి తీసి, పిడికిలి బిగించి విప్పింది. పొడి వేళ్ళ సందులనుండి నీళ్ళలా కారిపోయింది.

“కట్టలేవు. గూడు నిలబడాలంటే తడి ఉండాలి. తడి ఉంటే రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అప్పుడు చక్రానికీ పట్టు దొరుకుతుంది. మేం దిగే చోట పైమట్టిలో తడి లేదు. అందుకే దీన్ని పొయ్యిలో కాల్చి తెచ్చాం. ఒక్క చెంబు నీళ్ళు పడ్డాయంటే ఇక ఇది చంద్రుడు కాదు, భూమే” అన్నది ఆమె.

పన్నెండేళ్ళుగా ఆ పొడిని పొయ్యిలో ఎందుకు కాల్చారో తనకు తెలుసుననే ఆయన అనుకున్నాడు. జల్లెడ దిగడానికి అనుకున్నాడు. క్రషర్‌లో పెరిగిన ఎవరైనా అలాగే అనుకుంటారు. పిల్లలు వెళ్ళిపోయారు. ఆయన ఆ మధ్యాహ్నం క్యారేజీ విప్పలేదు.

అయినా ఒక ఆశ ఉంది. తాను చల్లినది మూడంటే మూడు చెంబులు. ఆ మాత్రానికి ఏమవుతుందిలే అని మనసు సర్దిచెప్పుకోబోయింది. మనసు మాట వినడం కంటే చక్రం మాట వినడం మేలని, బుధవారం ఉదయం అందరికంటే ముందు వచ్చాడు. షెడ్డు మూల రెండు చెక్కపలకలను ఇటుకల మీద ఏటవాలుగా నిలిపాడు. ఒకదాని మీద గట్టు మీది పొడిని, రెండోదాని మీద ఎన్నడూ విప్పని సంచిలోని పొడిని సమంగా పరిచాడు. గిడ్డంగిలో పడివున్న పాత నమూనా చక్రానికి చిన్న రాయి బరువు కట్టి, పురికొస చుట్టి, కొసను పట్టి లాగాడు. చక్రం తిరగసాగింది. గట్టు పొడి మీద పాకుతూ పైకి వచ్చింది. సంచి పొడి మీద ఉన్నచోటనే తిరిగి తిరిగి, తనకు తానే గుంట తవ్వుకుని, గుడ్ల మీద కోడిలా కూర్చుండిపోయింది. మూడుసార్లు లాగాడు. మూడుసార్లూ కోడి లేవలేదు.

ఇక ఆయనకు తెలియనిదేమీ మిగలలేదు. మరునాడు ఆమోదముద్ర పడుతుంది. చీమ చంద్రుడి మీద దిగి, మొదటి వాలు దగ్గర ఇలాగే కూర్చుంటుంది. ఎందుకు కూర్చుందో భూమ్మీద ఒక్కడికే తెలుస్తుంది. ఆ ఒక్కడు నోరు విప్పకపోతే ఎవరూ కనిపెట్టలేరు. విప్పితే పన్నెండేళ్ళకు వచ్చిన ఫైలు వచ్చిన దారినే పోతుంది, ఉన్న పని కూడా పోవచ్చు.

ఆ సాయంత్రం ఇంటి మెట్ల మీద కూర్చుని భార్యకు అంతా చెప్పాడు. ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వింది. పని పోతే ఏమి చేస్తావని అడిగింది. తెలియదన్నాడు. మళ్ళీ క్రషర్‌కు పోతావా అని అడిగింది. ఈ వయసులో ఎవరు రానిస్తారన్నాడు. ఆమె మరో నాలుగు కాయలు ఒలిచింది.

“ఆ పిల్ల దగ్గుతోందనేగా నీళ్ళు చల్లావు?”

“అందుకే.”

“రేపు ఆ పిల్ల చేసిన బండి అక్కడ కూరుకుపోతే, జన్మంతా తన తప్పే అనుకుంటుంది. దగ్గుకైతే మందుంది. దానికేం మందుందయ్యా?”

ఆమె చేట పట్టుకుని లేచింది.

“ఆ నీలం చొక్కా వేసుకెళ్ళు. తిట్లు తినడానికైనా కాస్త మర్యాదగా వెళ్ళాలి” అని లోపలికి పోయింది.

గురువారం పదిగంటలకు సమావేశపు గదిలో బల్ల చుట్టూ తొమ్మిదిమంది కూర్చుని ఉన్నారు. కాగితం పెద్దసారు ముందు ఉంది, కలం మూత తీసి ఉంది. నీలం చొక్కా తొడుక్కున్న పెద్దపాలేరు తలుపు తోసుకుని లోపలికి వచ్చి, బల్ల మీద ఒక చెంబును, ఒక చేతిపంపును పెట్టాడు. టీ మనిషి దారి తప్పాడనుకుని ఒకరిద్దరు నవ్వారు.

“సార్, గట్టు మీద నేను నీళ్ళు చల్లాను” అన్నాడు.

పెద్దసారు కలం కింద పెట్టాడు. “ఏమన్నావ్?”

“దుమ్ము లేవకూడదని చల్లాను సార్. తప్పని నాకు మొన్నటిదాకా తెలీదు. నిన్న పొడి మట్టి మీద చక్రం లాగి చూశాను. ఎక్కలేదు.”

ఎవరూ నవ్వలేదు. చక్రాలమ్మాయి లేచి నిలబడింది. “బాబాయ్, అవి నా చక్రాలు” అన్నది. గదిలోనుండి వెళ్ళిపోయింది. పెద్దసారు అరుస్తాడని అందరూ ఎదురుచూశారు. ఆయన అరవలేదు. ఎంత చల్లావు, ఎప్పటినుండి, ఎక్కడెక్కడ అని ఒక్కొక్క ప్రశ్నే అడిగాడు. పెద్దపాలేరు తడుముకోకుండా చెప్పాడు. గట్టు మీద మాత్రమే. మంగళ, శుక్రవారాలు మాత్రమే. రోజుకు మూడు చెంబులు, ఇదిగో ఈ చెంబుతోనే. కొత్త చక్రాలు బిగించిన మూడోవారంనుండి. మధ్యలో భార్యకు జ్వరమైతే ఆలస్యంగా వచ్చిన ఒక్క శుక్రవారం చల్లలేదు.

పెద్దసారు ఆ శుక్రవారపు కాగితాలు తెప్పించి చూశాడు. ఆ రోజు చీమ పన్నెండు డిగ్రీల దగ్గరే జారింది. మోటారులో లోపమని అప్పట్లో రాసి సంతకాలు పెట్టారు. ఆ సంతకాల్లో పెద్దసారుది కూడా ఉంది. ఆ కాగితాన్ని ఆయన చాలాసేపు చూశాడని, తర్వాత తన కలానికి మూత పెట్టాడని, ఆ గదిలో ఉన్నవారొకరు నాకు చెప్పారు.

“ఈ చెంబు ఇక్కడే ఉంచు. వెళ్ళి పని చూసుకో” అన్నాడు పెద్దసారు. ఏ పని చూసుకోవాలో పెద్దపాలేరుకు అర్థం కాలేదు. అడిగాడు. “తడిపిన చేత్తోనే ఆరబెట్టు” అన్నాడాయన.

గట్టునంతా తవ్వి, తట్టలకెత్తి, పొయ్యిలో వేడిచేసి, చల్లార్చి, మళ్ళీ జల్లించి పోయడానికి ఎనిమిది రోజులు పట్టింది. ఆ ఎనిమిది రోజులూ తనకు ఉద్యోగం ఉన్నదో లేదో ఆయనకు ఎవరూ చెప్పలేదు. చక్రాలమ్మాయి షెడ్డులోకి వచ్చేది, కొలతలు తీసుకునేది, వెళ్ళేది. పలకరింపు లేదు. పలకరింపు లేకపోవడం కంటే ఆయనను బాధించినది మరొకటి ఉంది. ఆమె మాటలు మానేసింది గనుక మాస్కు తీయడం లేదు, దగ్గడమూ లేదు. దగ్గు తగ్గినందుకు సంతోషించాలో, మాట లేనందుకు ఏడవాలో తెలియక, కుడితిలో పడ్డ ఎలుకలా ఆయన ఆ తట్టల మధ్య తిరిగాడు.

తొమ్మిదో రోజు ఎండిన గట్టు మీద చీమను దింపారు. పది డిగ్రీలు ఎక్కింది. పన్నెండు దగ్గర చక్రాలు ఉన్నచోటనే తిరగసాగాయి. పొడి వెనక్కి చిమ్మింది. ఇరుసులదాకా దిగిపోయి ఆగింది. పైన గిలక కిర్రుమన్నది. చక్రాలమ్మాయి చాలాసేపు ఆ గుంటను చూసింది. తర్వాత వెనక్కి తిరిగింది.

“ఇక్కడ మునిగింది, బాబాయ్. అక్కడ మునగలేదు” అన్నది.

ఎనిమిది రోజుల తర్వాత ఆమె ఆయనతో అన్న మొదటి మాట అది. ఆయన తల వంచుకుని దంతె పళ్ళ మధ్య ఇరుక్కున్న రాయిని తీయడం మొదలుపెట్టాడు. రాయి ఏమీ లేదని ఆమెకు కనబడుతూనే ఉంది. అసలు నీళ్ళెందుకు చల్లావని అప్పుడు అడిగింది. ఆయన తన అన్న సంగతి చెప్పాడు. ఆ దగ్గు ఎలా మొదలైందో చెప్పాడు. ఆమె వింటూ వింటూ, గడ్డం కిందికి లాగబోయిన మాస్కును మళ్ళీ ముక్కు మీదికి సర్దుకుంది.

“ఇకమీదట నేను ఇది తీస్తే, ఆ దంతెతో నెత్తిమీద ఒక్కటియ్యి.”

“దంతె విరుగుతుందమ్మా. ప్రభుత్వ ఆస్తి” అన్నాడు పెద్దపాలేరు.

నేలను పట్టి తొయ్యడానికి చక్రాల చుట్టూ బిగించిన పట్టీల ఎత్తు పెంచారు. పెంచితే మోటారు అలసిపోయింది. వరుస మార్చారు. మారిస్తే చక్రం రాళ్ళకు తగులుకుని ఆగింది. మళ్ళీ మార్చారు. పదకొండు వారాల్లో చీమ నూట ఆరుసార్లు గట్టెక్కబోయింది. నూట ఆరుసార్లూ పెద్దపాలేరు గట్టు చదును చేశాడు. ప్రయోగం నాలుగు నెలలు వెనక్కిపోయింది. చంద్రుడికి బండి కట్టారు గాని చక్రాలు మరిచారని ఒక పత్రిక వెక్కిరించింది. ఆలస్యానికి కారణం ఏమిటని విలేఖరులు అడిగితే, మరింత పరీక్ష అవసరమైందని పెద్దసారు ముక్తసరిగా చెప్పాడు. ఎవరి పేరూ చెప్పలేదు. పర్మనెంటు ఫైలు మాత్రం ఆ ఏడాది వెనక్కి వెళ్ళింది, దానితోపాటు ఒక హెచ్చరిక కాగితం ఇంటికి వచ్చింది. ఆయన భార్య దానిని మడతపెట్టి, నీలం చొక్కా జేబులోనే దాచింది.

అయితే ఆ కాగితం వచ్చిన నెలలోనే మరో రెండు సంగతులు జరిగాయి. రెండేళ్ళుగా వచ్చే ఏడాదికి వాయిదా పడుతున్న దుమ్ము పీల్చే ఫ్యాన్లు నాలుగు, లారీలో దిగాయి. రెండోది, షెడ్డు తలుపుకు ఒక కొత్త పట్టిక తగిలించారు. ప్రతి పరీక్షకు ముందు నేలను ఒకటికాదు, అయిదు చోట్ల తవ్వి తేమ చూడాలి. పొడిగా ఉన్నదని పెద్దపాలేరు సంతకం పెట్టేవరకు చీమ కాలు కదపరాదు. ఈ పని ఈయనకా అని ఒక అధికారి నొసలు ముడిచాడు. దొంగకు తాళాలు ఇస్తున్నారన్నాడు. “దొంగ అయితే చెంబు తెచ్చి నా బల్లమీద పెట్టేవాడు కాదు” అన్నాడట పెద్దసారు. ఆయన ఒక్కరోజులో పలికిన మాటల్లో అదే పొడవైన వాక్యమని అంటారు.

ల్యాండర్ దిగిన ఉదయం నియంత్రణ గదిలో నిలబడటానికి చోటు లేదు. పెద్దపాలేరు షెడ్డులోనే ఉన్నాడు. పరీక్షల కోసం భూమ్మీద ఉంచుకున్న జోడు చీమకు ఆనాడు పరీక్ష లేదు, అయినా నేల చదును చేశాడు. గోడ అవతల చప్పట్లు మోగినప్పుడు దంతెను నిలబెట్టి రెండు చేతులతో పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. మరునాడు చీమ చంద్రుడి మీద కాలుపెట్టింది. అయితే ఆయన ఎదురుచూసినది దానికోసం కాదు. చదునైన నేల మీద ఎవరైనా నడుస్తారు.

మూడోనాడు మధ్యాహ్నం చక్రాలమ్మాయి షెడ్డు తలుపు దగ్గరికి పరుగున వచ్చి, చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. నియంత్రణ గదిలో ఒక కుర్చీ ఖాళీ చేసి ఆయనను కూర్చోబెట్టారు. ఒక గుంట అంచున పదమూడు డిగ్రీల వాలు ఉంది. ఎక్కమని ఆదేశం పంపేశారు. ఫోటో రావాలి. చక్రాలమ్మాయి కూర్చోలేదు. పెద్దసారు గోడకు ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తెర మీద ఫోటో పైనుండి కిందికి, గీత గీతగా తెరుచుకోసాగింది. మొదట నల్లని ఆకాశం. తర్వాత బూడిదరంగు వాలు. తర్వాత ఆ వాలు పొడవునా, కింది అంచునుండి చీమ నిలబడ్డ చోటిదాకా, రెండు జాడలు. ఎక్కడా గుంట లేదు. పట్టీల అచ్చులు నిచ్చెన మెట్లలా ఒకదాని తర్వాత ఒకటి స్పష్టంగా ఉన్నాయి.

గదిలో అందరూ లేచారు. ఒకరినొకరు కౌగలించుకున్నారు. పెద్దసారు తన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ “ఊఁ” అన్నాడు. పెద్దపాలేరు మాత్రం కుర్చీలోనే ఉండి తెరవంక తదేకంగా చూస్తున్నాడు. కుడిచెయ్యి గాలిలో దేనినో వెతుకుతున్నట్లు కదిలింది.

“ఆ జాడలు అలాగే వదిలేస్తారా?” అని అడిగాడు.

గది ఒక్కసారిగా నవ్వింది. “ఏం, వచ్చి చదును చేస్తావా?” అన్నది చక్రాలమ్మాయి.

“ఆసామి కబురుచేస్తే వెళ్ళాలి కదమ్మా” అన్నాడాయన.

ఆ జాడలు లక్షల ఏళ్ళు అలాగే ఉంటాయని, అక్కడ గాలి లేదు, వాన లేదు, చెరిపేవారు లేరని ఆమె చెప్పింది. పన్నెండేళ్ళు రోజూ జాడలు చెరిపిన మనిషి మళ్ళీ తెరవంక తిరిగాడు.

మరుసటి ఏడాది ఫైలు మళ్ళీ వచ్చింది, ఈసారి సంతకం పడింది. అయితే నాకు గుర్తుండిపోయినది ఆ సంతకం కాదు, ఫోటో వచ్చిన సాయంత్రం. చక్రాలమ్మాయి ఆ ఫోటోను కాగితం మీద అచ్చు వేయించి ఆయనకు ఇచ్చింది. ఆయన దానిని ఇంటి మెట్ల మీద భార్య ఒడిలో పెట్టాడు. చూడటానికి నేనూ వెళ్ళాను. ఆమె కళ్ళకు దగ్గరగా పట్టుకుని చూసింది, దూరంగా పట్టుకుని చూసింది. ఇరవై ఏళ్ళు తట్టలు మోసిన మనిషికి రాతిపొడిని గుర్తుపట్టడానికి ఎవరి సాయమూ అక్కరలేదు.

“దుమ్ము లేచిందా?” అని అడిగింది.

“లేచింది” అన్నాడాయన. “లేవనీ. అక్కడ దగ్గేవాళ్ళెవరూ లేరుగా.”